చేతుల మీదుగా

ఫిలిప్పీన్స్‌లో జీప్నీ ఎక్కాలంటే వెనక నుంచి వంగి ఎక్కాలి. లోపల అటూ ఇటూ రెండు పొడుగాటి సీట్లు, మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా జనం. చాలా బళ్లలో కండక్టరు ఉండడు. డ్రైవరు ఎక్కడో ముందుంటాడు. గుమ్మం పక్కన కూర్చున్నవాళ్లకీ అతనికీ మధ్య ఏడెనిమిది మంది ఉంటారు. లాస్ బాన్యోస్ నుంచి కలంబా వెళ్లే దారిలో నేను ఎన్నోసార్లు చూసిన దృశ్యం ఇది. చివర కూర్చున్న ముసలామె చిన్న పర్సులోంచి నాణేలు తీసి, చెయ్యి చాచి, "బయాద్ పో" అంటుంది. డబ్బులండీ, అని. ఫలానా వాళ్లని పిలవదు, బండిలో అందరికీ కలిపి చెప్పినట్టు చెబుతుంది. పక్కనున్న కాలేజీ కుర్రాడు ఫోనులోంచి తలెత్తకుండానే అరచెయ్యి పడతాడు. అతని చేతిలోంచి ఆ నాణేలు తెల్ల యూనిఫాం వేసుకున్న అమ్మాయి చేతిలోకి, అక్కణ్నించి కాళ్ల మధ్య కూరగాయల సంచీ పెట్టుకున్న మనిషి చేతిలోకి, చివరికి భుజం మీదుగా వెనక్కి చాచిన డ్రైవరు చేతిలోకి వెళతాయి. అతను ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, నిలువుగా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకున్న నోట్లు జారకుండా చూసుకుంటూ, లెక్కచూసి చిల్లర వెనక్కి ఇస్తాడు. చిల్లర అవే చేతుల మీదుగా ముసలామెకి చేరుతుంది. ఆ బండిలో ఎవరూ సాయం చేశామనుకోరు, ఎవరూ సాయం పొందామనీ అనుకోరు.

నేను వరి పని మీద ఆ ఊరు వెళ్లినవాణ్ని. లాస్ బాన్యోస్ పేరు మన రైతుల్లో చాలామందికి తెలియకపోవచ్చు గానీ అక్కడ పుట్టిన వంగడం తెలుసు. 1960లో అక్కడ మొదలైన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్8 మన గోదావరి డెల్టాకూ వచ్చింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారికి 'మిస్టర్ ఐఆర్8' అన్న పేరు తెచ్చిపెట్టింది. ఆ ఊరితో నా బంధం కూడా వరితోనే మొదలైంది. కానీ అక్కడున్నన్నాళ్లూ వరి మళ్ల కన్నా జీప్నీ లోపలి మనుషులే నా మనసులో ఎక్కువ మెదిలారు. ముక్కూ మొహం తెలియని ఏడుగురి చేతుల్లోంచి డబ్బు వెళ్లి, చిల్లర పైసా తగ్గకుండా తిరిగొస్తుందన్న భరోసా ఒక సమాజానికి ఎక్కణ్నించి వస్తుంది? అది స్వభావమా, అలవాటా, లేక జనం కలిసి కట్టుకుని రోజూ మరమ్మతు చేసుకునే ఏర్పాటా? మూడోదే నిజమని నా నమ్మకం. ఈ వ్యాసం రాస్తున్నదీ ఆ నమ్మకంతోనే.

ఈ ప్రశ్నను జీవితమంతా మోసిన మనిషి విర్హిలియో ఎన్రీకేజ్. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో సైకాలజీ డాక్టరేట్ చేసి 1971లో మనీలా తిరిగొచ్చాడు. వస్తూనే, ఫిలిపినోల మనసును వాళ్ల భాషలోనే, వాళ్ల మాటలతోనే చదవాలని పట్టుబట్టాడు. 1975లో అందుకోసం మొదటి జాతీయ సదస్సు జరిగింది, ఒక సంఘం ఏర్పడింది. అప్పటి అధ్యక్షుడు మార్కోస్ పెట్టిన సైనిక శాసనం నడుస్తున్న రోజులవి. దేశం గొంతు నొక్కేసిన కాలంలో, మా మనసేమిటో మేమే చెప్పుకుంటాం అని యూనివర్సిటీ తరగతి గదిలో నిలబడి అనడం చిన్న సంగతి కాదు.

అంతకు ముందు ఆ పని బయటివాళ్లు చేసి పెట్టారు. ఫ్రాంక్ లించ్ అనే అమెరికన్ జెస్యూట్ ఫాదర్, అతెనెయో దె మనీలా యూనివర్సిటీలో 1960లో ఫిలిపినో సంస్కృతి అధ్యయన సంస్థ పెట్టి, శ్రద్ధగా పరిశోధించి, ఒక అభిప్రాయానికి వచ్చాడు. ఫిలిపినో మనిషికి అన్నిటికన్నా ముఖ్యం నలుగురూ తనను ఒప్పుకోవడం, అందుకని ఎవరితోనూ మాట పట్టింపు రాకుండా సర్దుకుపోతాడు అని. దాని చుట్టూ ఒక జాబితా తయారైంది. హియా అంటే నలుగురిలో చిన్నబోతామేమోనన్న బెరుకు. పకికిసామా అంటే గుంపుతో కలిసిపోవడం. ఉతాంగ్ నా లోఒబ్ అంటే పొందిన మేలుకు లోలోపల కట్టుబడి ఉండటం. ఫిలిప్పీన్స్ మీద ఏ పరిచయ పుస్తకం తీసినా ఇవాళ్టికీ ఈ మూడూ మొదటి పేజీల్లోనే కనిపిస్తాయి.

ఎన్రీకేజ్ ఈ గుణాలు లేవనలేదు. ఇవి పైపొరలోవి, వీటి అడుగున ఉన్నది వేరే అన్నాడు. దాని పేరు కప్వా. ఫిలిపినో 'నేను' అనుకున్నప్పుడు అందులో అవతలి మనిషికి ముందే చోటు ఉంటుందని అతని వాదన. పరాయివాడు, మనవాడు అనే రెండు అరలు వాళ్లకూ ఉన్నాయి, కానీ ఆ రెండూ కప్వాలోవే. పరాయివాడితో మర్యాదగా నడుచుకోవడం దగ్గర మొదలుపెట్టి, కలవడం, పాలుపంచుకోవడం, మనసిచ్చి మెలగడం దాటి, ఒకటైపోవడం దాకా ఎనిమిది మెట్లున్నాయని అతనూ కార్మెన్ సాంతియాగో కలిసి వర్గీకరించారు. జీప్నీలో చెయ్యి చాచిన కుర్రాడు మొదటి మెట్టు మీదే ఉన్నాడు. ముసలామె ఎవరో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఐనా చెయ్యి చాచాడు. ఈ ఎనిమిది మెట్లలో నేను ఎక్కువ గౌరవించేది ఆ మొదటిదాన్నే. ప్రాణ స్నేహితుల కోసం ప్రాణమిచ్చేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. తెలియనివాళ్ల కోసం రోజూ చెయ్యి చాచడం వేరే సంగతి.

ఈ మెట్లు ఎక్కడానికీ దిగడానికీ ఒక నేర్పు కావాలి. పకికిరమ్‌దమ్ అంటారు, ఎదుటివాళ్ల మనసును మాటకు ముందే పసిగట్టడం. మధ్యాహ్నం గట్టు మీద చెట్టు నీడన కూలీలు అన్నం మూటలు విప్పుకుంటారు. అన్నం, ఎండు చేప, ఉప్పేసి పిసికిన టమాటా. దారిన పోతున్న నన్ను చూసి "కైన్ పో" అని పిలుస్తారు, తినండి అని. పిలవకుండా తినడం వాళ్లకు మర్యాద కాదు. పిలిచిన ప్రతిచోటా కూర్చోవడం మనకు మర్యాద కాదు, ఎందుకంటే ఆ మూటలో అన్నం వాళ్లకు సరిపోయేంతే ఉంది. నవ్వి, తిన్నానండీ అని చెప్పి పోవాలి. కానీ ఒకాయన పక్కకు జరిగి, అరిటాకు మీద అన్నాన్ని వేళ్లతో రెండుగా పాయ తీసి మళ్లీ పిలిచాడనుకోండి, అప్పుడు కూర్చోకపోతే తప్పు. మాట రెండుసార్లూ ఒకటే. తేడా అంతా ఆ జరగడంలో, ఆ వేళ్లు కదలడంలో ఉంది. ఇలాంటిదాన్ని ప్రశ్నావళితో పట్టుకోలేమనే ఎన్రీకేజ్ బృందం పరిశోధన పద్ధతులనే మార్చేసింది. కబుర్లు చెప్పుకుంటూ, కలిసి ఉంటూ, అడిగేవాడూ చెప్పేవాడూ సమానంగా కూర్చుని తెలుసుకోవాలి అంది.

కప్వాను ఏర్పాటు అని ఎందుకన్నానో చెప్పడానికి నాకు తెలిసిన వరి పొలంలోకే వెళతాను. యుజీరో హయామీ, మసావో కికుచీ అనే జపాన్ ఆర్థికవేత్తలు లగూనా ప్రావిన్సులో ఒక వరి పల్లెను దగ్గరగా చదివి 1981లో పుస్తకం తెచ్చారు. ఆ ప్రాంతంలో పూర్వం హునూసన్ అనే పద్ధతి ఉండేది. పొలం కోతకొస్తే ఊళ్లో ఎవరైనా కొడవలి పట్టుకుని దిగొచ్చు. రైతు కాదనకూడదు. కోసి నూర్చినవాళ్లకు పంటలో ఆరో వంతు. కొత్త వంగడాలు వచ్చాయి, దిగుబడి పెరిగింది. అదే కాలంలో సెంటు భూమి లేని కుటుంబాలూ పెరిగాయి. ఆరో వంతు విలువ బజారు కూలిని దాటిపోయింది. లెక్క ప్రకారమైతే రైతు ఆ వాటా కోసేసి రోజుకూలికి మనుషుల్ని పెట్టుకోవాలి. ఆ పల్లెలో అలా జరగలేదు. గామా అనే పద్ధతి పాకింది. కలుపు ఉచితంగా తీసినవాళ్లకే కోతలో దిగే హక్కు, వాటా మాత్రం ఆ ఆరో వంతే. కలుపు పని కూడా లెక్కేసుకుంటే కూలి బజారు ధరకే వచ్చి నిలిచింది.

ఈ వివరం చదివినప్పుడు నాకు ఒకేసారి రెండు కలిగాయి, గౌరవమూ దుఃఖమూ. ఆరో వంతు అన్న మాటను కాపాడుకున్నారు, మొహం మీద తలుపు వెయ్యలేదు. కానీ తలుపు పడింది. ఎవరైనా దిగగలిగిన పొలంలోకి ఇప్పుడు కొందరే దిగగలరు. మిగతావాళ్లు గట్టు మీద నిలబడాలి. ఫిలిపినోల్లో సహకార గుణం ఉంది, లేదు అని తేల్చే వాదనలు నాకు అందుకే రుచించవు. గుణం అలాగే ఉన్నా గట్టు మీద మనుషులు మిగిలిపోతారు. చూడాల్సింది ఎవరి చెయ్యి లోపలికి వస్తోంది, ఎవరిది బయట ఉండిపోతోంది అని.

గుణాల జాబితాలకు ఫిలిప్పీన్స్‌లో పెద్ద చరిత్రే ఉంది. జీప్నీ దిగే కలంబా, ఫిలిపినోల జాతీయ వీరుడు, రచయిత హోసే రిజాల్ పుట్టిన ఊరు. అక్కడి పొలాలు అప్పట్లో డొమినికన్ సన్యాసుల ఎస్టేటు. కౌలు తగాదాలో రిజాల్ కుటుంబంతో సహా రైతుల్ని ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. ఆ గొడవ నడుస్తున్న రోజుల్లోనే, 1890లో, రిజాల్ 'లా సోలిదరిదాద్' పత్రికలో ఫిలిపినోల సోమరితనం గురించి దీర్ఘవ్యాసం రాశాడు. స్పానిష్ దొరలకు అది ఊతపదం, ఈ జనం సోమరులు, అందుకే దేశం ఇలా ఉంది అని. రిజాల్ సోమరితనం లేదని కోప్పడలేదు. ఉందని ఒప్పుకునే మొదలుపెట్టి, కారణాన్ని తలకిందులు చేశాడు. స్పెయిన్ రాకముందు చుట్టుపక్కల దేశాలతో వ్యాపారం చేసిన జనం ఇది. వెట్టిచాకిరీ, యుద్ధాలు, గుత్త వ్యాపారాలు, పండించింది చేతికి దక్కదన్న అనుభవం కలిసి వాళ్లను కూలదోశాయి. సోమరితనం రోగానికి కారణం కాదు, రోగం పెట్టిన లక్షణం అన్నాడు. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ వాదనలో నాకు పదును తగ్గినట్టు అనిపించదు.

తగ్గలేదు కాబట్టే అది మళ్లీ మళ్లీ అవసరమైంది. 1987లో జేమ్స్ ఫాలోస్ అనే అమెరికన్ జర్నలిస్టు, ఫిలిప్పీన్స్ పేదరికానికి మూలం దెబ్బతిన్న సంస్కృతి అని రాశాడు. మరుసటి ఏడాదే సెనేటర్ లెతీసియా రామోస్ షహానీ చొరవతో వచ్చిన నైతిక పునరుద్ధరణ నివేదిక జాతి బలాలూ బలహీనతలూ రెండు వరసల్లో పేర్చింది. మంచి మనసుతో చేసిన పనే అది, రాసింది ఫిలిపినోలే, బలాల్లో మొదటిది కప్వాతో మెలిగే గుణమే. ఐనా ఒక జాతిని అలా రెండు వరసల్లో నిలబెట్టడం నాకు నచ్చదు. బహాలా నా అన్న మాటనే చూడండి. ఏదైతే అదవుతుందిలే అని చేతులెత్తేయడం అని దాన్ని బయటివాళ్లు దశాబ్దాల పాటు విధివాదంగా లెక్కకట్టారు. 1977లో అల్ఫ్రేదో లగ్మాయ్ అనే సైకాలజిస్టు ఆ మాట జనం నోట ఎప్పుడు వస్తుందో పరిశీలించాడు. దారి తెలియనప్పుడు, ఫలితం చేతిలో లేనప్పుడు, ఐనా అడుగు వెయ్యాల్సినప్పుడు ధైర్యం తెచ్చుకోవడానికి అంటున్నారని తేల్చాడు. పేరు తెలియని దేశానికి మొదటిసారి విమానం ఎక్కే ఆడపిల్ల ఆ మాట అనుకుంటే అందులో నాకు విధివాదం కనిపించదు.

ఆ ఆడపిల్ల దగ్గరికే వస్తున్నాను. ఉతాంగ్ నా లోఒబ్ ఏమిటో తెలియాలంటే ఆమెను చూడాలి.

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది. ఫలానా వారు ఇంత చదివించారని రాసుకుంటాం. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, అంతకు కాస్త కలిపి చదివిస్తాం. లెక్క ఉంది కాబట్టి తీరుతుంది. ఉతాంగ్ నా లోఒబ్‌కు పుస్తకం లేదు. ప్రాణం నిలబెట్టినవాళ్లకు, కష్టంలో అన్నం పెట్టినవాళ్లకు, ఉద్యోగం ఇప్పించినవాళ్లకు పడే రుణం అది. 1961లో మేరీ హోల్న్‌స్టైనర్ దీని మీద చేసిన అధ్యయనం ఇప్పటికీ చదవదగ్గది. తీర్చే కొద్దీ తీరకపోవడం, ఎవరు ఎవరికి బాకీయో కొన్నాళ్లకు తెలియకుండా పోవడం దీని లక్షణమని ఆమె గమనించింది. తల్లిదండ్రులకు బిడ్డ పడ్డ రుణమైతే ఎన్నటికీ తీరదు, జన్మనిచ్చిన దానికి సరితూగేది బిడ్డ చేతిలో ఏదీ లేదు కాబట్టి. డబ్బు లెక్కగట్టి చేతిలో పెట్టి చెల్లయిపోయింది అనడం అక్కడ తెగతెంపులు చేసుకోవడం. ఆ రుణం ఎరగనివాడు అనిపించుకోవడం అక్కడ చాలా పెద్ద తిట్టు.

ఈ రుణం ఎక్కువగా ఆతె భుజాల మీద పడుతుంది. ఆతె అంటే అక్క. 1974 కార్మిక చట్టంతో మార్కోస్ ప్రభుత్వం మనుషుల్ని విదేశాలకు పంపడాన్ని ఒక విధానంగా మార్చింది. అప్పటినుంచి ఆతె హాంకాంగ్ వెళ్లింది, రియాద్ వెళ్లింది, మిలాన్ వెళ్లింది, ఆస్పత్రుల్లోనూ వంటిళ్లలోనూ పనిచేసి తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చదివించింది. 2024లో విదేశాల నుంచి బ్యాంకుల ద్వారా ఆ దేశానికి చేరిన డబ్బు 3,400 కోట్ల డాలర్ల పైమాటే. రాజంపేట, రాయచోటి, కోనసీమ నుంచి కువైట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లకు ఆతె కొత్త మనిషి కాదు. పక్క వంటింట్లో ఉండేది ఆమే.

డబ్బుతో పాటు ఆమె ఒక అట్టపెట్టె పంపుతుంది. బలిక్‌బాయన్ పెట్టె. నెలల తరబడి దాన్ని మంచం పక్కనే పెట్టుకుని కొంచెం కొంచెంగా నింపుతుంది. సబ్బులు, షాంపూలు, డబ్బా మాంసం, చాక్లెట్లు, తువ్వాళ్లు, కాఫీ పొడి. మధ్యలో ఖాళీ మిగలకుండా బూట్లలోకి కూడా చిన్న చిన్న వస్తువులు దూరుస్తుంది. ఒక్కో పొట్లం మీద ఒక్కో పేరు రాస్తుంది, పెద్దమ్మకి, బావకి, పక్కింటి పిల్లకి. చివర్న టేపు చుట్టలు చుట్టలుగా వేస్తుంది. అందులో ఉన్నవి చాలావరకు మనీలా దుకాణాల్లోనూ దొరుకుతాయి. ఐనా ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసి ఆ పెట్టె వస్తేనే ఇంట్లో ఆమె చోటు ఆమెకు ఉన్నట్టు. 2015లో కస్టమ్స్ అధికారులు ఈ పెట్టెల్ని తెరిచి చూస్తామనగానే దేశమంతా భగ్గుమంది. 2016లో చట్టం మార్చి లక్షన్నర పెసోల విలువ దాకా సుంకం తీసేశారు.

ఆ కోపం వెనక ఇంకో సంవత్సరం ఉంది. 1995 మార్చి 17న సింగపూర్ ప్రభుత్వం ఫ్లోర్ కాంతెంప్లాసియోన్ అనే ఫిలిపినా ఇంటిపని మనిషిని జంట హత్యల కేసులో ఉరితీసింది. ఆమె నిర్దోషి అని నమ్మిన లక్షల మందికి అది సొంత ఇంట్లో చావు అయింది. వీధులు నిండిపోయాయి. రాయబారిని వెనక్కి పిలిచారు. విదేశాంగ మంత్రి రాజీనామా చేశాడు. ఆ జూన్‌లోనే విదేశీ కార్మికుల రక్షణకు ప్రత్యేక చట్టం వచ్చింది. 2018లో కువైట్‌లో ఒక ఫిలిపినా మృతదేహం అపార్ట్‌మెంటు ఫ్రీజర్‌లో బయటపడినప్పుడు ఆ దేశానికి కార్మికుల్ని పంపడమే ఆపేశారు. ముక్కూ మొహం తెలియని ఒక పనిమనిషి కోసం ఒక దేశం అలా లేవగలిగింది. మన దగ్గర గల్ఫ్ నుంచి వచ్చే శవపేటిక జిల్లా పేజీలో చిన్న వార్తగా మిగిలిపోతుంది. జగిత్యాలలోనో రాయచోటిలోనో ఒక ఇల్లు ఏడుస్తుంది, అంతే. ఈ తేడా నన్ను బాధిస్తుంది, దాచుకోను.

అలాగని ఉతాంగ్ నా లోఒబ్ అనే ఆ రుణాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించలేను. అది పక్కకు ప్రవహించినంత సేపు మనుషుల్ని బతికిస్తుంది. పైకి మళ్లితే పీడిస్తుంది. ఫిలిప్పీన్స్ రాజకీయాల్లో కసాల్, బిన్యాగ్, లిబింగ్ అని ఒక మాట ఉంది. పెళ్లి, బాప్తిజం, అంత్యక్రియలు. నాయకుడనేవాడు ఈ మూడింటికీ హాజరు కావాలి. పెళ్లికి నీనొంగ్‌గా, అంటే సాక్షిపెద్దగా నిలబడతాడు. చావింటికి పూలదండ పంపుతాడు, శవపేటిక ఖర్చు భరిస్తాడు. ఆస్పత్రి బిల్లు కట్టలేని కుటుంబానికి ఆయన ఆఫీసు నుంచి చీటీ వస్తుంది. ఆ డబ్బు ప్రజలదే, కానీ రుణం మాత్రం ఆయన ఖాతాలో పడుతుంది. తర్వాత ఆయన కొడుకు నిలబడతాడు, కోడలు నిలబడుతుంది. రాజకీయ వంశాలు ఉండకూడదని, వంశమంటే ఏమిటో చట్టం నిర్వచించాలని 1987 రాజ్యాంగంలో రాసుకున్నారు. ఆ చట్టం చేయాల్సిన కాంగ్రెస్‌లో ఆ కుటుంబాలవాళ్లే కూర్చున్నారు. నిర్వచనం రాలేదు.

ఐతే ఇదే రుణం ఒకప్పుడు తిరుగుబాటుకూ దారి చూపింది. చరిత్రకారుడు రెయ్నాల్దో ఇలేతో 1979లో ప్రచురించిన 'పాస్యోన్ అండ్ రెవల్యూషన్' చదివాక ఈ విషయంలో నా ఆలోచనే మారింది. పాస్యోన్ అంటే క్రీస్తు శ్రమల కథ, పవిత్ర వారంలో పల్లెల్లో రాత్రీ పగలూ ఆపకుండా పాడే పద్యకావ్యం. స్పానిష్ మతగురువుల నీడలో పెరిగిన పాట అది, ఓర్చుకోమని నేర్పాల్సిన పాట. కానీ పాడుకున్న జనం అందులో ఇంకోటి విన్నారు. కొడుకు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం ఉంది. తల్లి రుణం తీరనిది, ఐనా అంతకన్నా పెద్ద పిలుపు వచ్చింది, వెళ్లాలి. 1892లో బొనిఫాసియో స్పెయిన్‌కు వ్యతిరేకంగా పెట్టిన విప్లవ సంఘం కతిపూనన్‌లో చేరిన మామూలు మనుషులకు విప్లవం ఆ భాషలోనే అర్థమైందని ఇలేతో వాదన. దేశాన్ని తల్లిగా, తోటివాడి బాధలో పాలుపంచుకోవడాన్ని దమాయ్‌గా వాళ్లు తెలుసుకున్నారు. దొర చేసిన మేలుకు తల వంచమన్న రుణమే, దేశతల్లికి పడ్డ రుణంగా మారి దొర మీదికి నడిపించింది.

కరోనా కాలంలో ఈ రుణం కథ ఇంకో మలుపు తీసుకుంది. 2021 ఏప్రిల్ 14న కెజోన్ సిటీలో మగిన్హావా వీధిలో ఆనా పత్రీసియా నోన్ అనే యువతి ఒక వెదురు బండి నిలబెట్టి, మీద బియ్యం, కూరగాయలు, డబ్బాలు, పళ్లు పెట్టింది. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు ఇవ్వండి, ఎవరి అవసరం కొద్దీ వాళ్లు తీసుకోండి అని ఒక అట్టముక్క మీద రాసి తగిలించింది. లాక్‌డౌన్‌లో పని పోయిన జీప్నీ డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు వరసలో నిలబడ్డారు. రైతులు బస్తాలతో చిలగడదుంపలు తెచ్చి ఇచ్చారు. కొన్ని రోజుల్లోనే దేశమంతటా వందల బళ్లు వెలిశాయి.

ఇందులో అన్నిటికన్నా గొప్ప సంగతి ఇచ్చినవాడి మొహం తీసుకున్నవాడికి కనిపించకపోవడం. ఎవరి పేరూ లేదు, ఫొటో లేదు, ఆధార పత్రం అడగలేదు. ఆకలి తీరింది, ఎవరికీ జీవితాంతం మోయాల్సిన రుణం పడలేదు. హియా కూడా అక్కడ సరిగ్గానే పనిచేసింది. అవసరానికి మించి తీసుకోవడానికి చాలామంది తమంతట తామే వెనకాడారు. ప్రతి మేలు మీదా తన పేరు రాయించుకునే రాజకీయానికి ఇంతకన్నా సూటి జవాబు నేను చూడలేదు. ఆ జవాబు తగలాల్సిన చోటే తగిలింది. వారం తిరక్కుండానే అధికారులు దీని వెనక కమ్యూనిస్టులున్నారని అనుమానాలు లేవదీశారు, పోలీసులు నిర్వాహకుల వివరాలు అడిగారు. భయంతో ఏప్రిల్ 20న ఆ బండి ఒక రోజు ఆగి, మర్నాడు మళ్లీ నిలబడింది. కూరగాయల బండిని చూసి ప్రభుత్వం బెదిరిందంటే, ఆ బండి మీద కూరగాయలు కాక ఇంకేదో ఉందన్నమాటే.

ఇప్పుడు అక్కడి యువత ఈ రుణాన్ని ఇళ్లలోనే నిలదీస్తోంది. సెనేటర్ పాంఫిలో లాక్సన్ 2025లో తల్లిదండ్రుల సంక్షేమ బిల్లును మళ్లీ ప్రవేశపెట్టారు. వయసు మళ్లిన, జబ్బుపడ్డ తల్లిదండ్రుల్ని పిల్లలు పోషించకపోతే శిక్ష పడాలని దాని సారం. పిల్లలు మీ పింఛను పథకం కాదు అని చాలామంది యువకులు కోపంగా జవాబిచ్చారు. మనకు ఇలాంటి చట్టం 2007 నుంచే ఉంది. మన ఊళ్లలో కొడుకుల మీద ఆర్డీవో ముందు పిటిషన్ పెట్టుకున్న తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్ల అవసరాన్ని నేను తక్కువ చేయను.

కానీ ఈ వాదనలో నేను ఆ యువత పక్షానే ఉన్నాను. వాళ్లు తల్లిదండ్రుల్ని వదిలేస్తామనడం లేదు. బరువంతా ఇంటి మీదే ఎందుకు వెయ్యాలి అంటున్నారు. శిక్ష భయం పెడితే డబ్బు వస్తుందేమో, అది ఎక్కువగా వచ్చేది ఇప్పటికే పంపుతున్న ఆతె దగ్గర్నుంచే. ఎన్నేళ్లు ఇతరుల పిల్లల్ని ఎత్తుకుని సొంత పిల్లల్ని ఫోనులో పెంచిందో, తమ్ముడి ఫీజు కట్టడానికి తన చదువు ఎక్కడ ఆపేసిందో ఆమెను అడిగినవాళ్లు తక్కువ. పేద వృద్ధులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే నెల పింఛను 500 పెసోలు ఉండేది. దాన్ని 1,000 పెసోలు చేస్తూ 2022లో చట్టం తెచ్చారు. వెయ్యి పెసోలతో ఒక ముసలి ప్రాణానికి బియ్యం, మందులు నెలాఖరు దాకా రావు. సెనేట్‌లో ఈ బిల్లు మీద మాట్లాడేవాళ్లు ముందు ఆ వెయ్యి గురించి మాట్లాడాలి, ఆ తర్వాత ఆతెను పిలిచి ఆమె మాట వినాలి.